రాహేలమ్మ పుంజు, మద్రాసు మంచు

పట్టు

పుంజును పట్టుకోవడం రానివాడు ఈ ఉద్యోగంలోకి రాకపోవడమే మంచిది. ఈ మాట ముందే చెప్పేస్తున్నాను, తర్వాత నన్ను అనుకోవద్దు. ఇప్పుడు ఈ పనిలో చేరుతున్న పిల్లలకు పుస్తకం బాగా తెలుసు. పుంజు తెలియదు. పుంజును చంకలో ఇరికించుకుని, రెండు కాళ్లనూ ఎడమచేతి వేళ్ల మధ్య పట్టి, కుడిచేత్తో వీపు మీది నుంచి తోక దాకా నిదానంగా నిమరాలి. మూడోసారి నిమిరేసరికి తోక లేస్తుంది. అప్పుడు తోక కింద రెండు పక్కలా వేళ్లు పెట్టి ఒక్క ఒత్తు ఒత్తాలి. చిన్న గాజు గిన్నెలో పాలచుక్కంత వీర్యం పడుతుంది. పుంజు బెదిరితే ఆ చుక్క కూడా పడదు. మన చెయ్యి వణికితే అది ఎటూ బెదురుతుంది.

నాకు ఈ పట్టు నేర్పినవాడు ఖాదర్ సాహెబు. కడప ఊరి బయట, పాలకొండల వైపు, పరికి కంపల మధ్య ఉన్న మా కోళ్ల ఫారంలో ఆయన అటెండరు. నాకంటే ఇరవై ఏళ్లు పెద్ద. నేను మద్రాసులో పశువైద్యం చదివి కొత్తగా వచ్చినవాణ్ణి. మొదటి రోజు పుంజు నా ముంజేతిని చీల్చేసింది. ఖాదర్ సాహెబు పసుపు అద్దుతూ, "పుంజుతో పోట్లాడగూడదు సార్. అది గెలిచినాననుకోవాల, మనం పని కానిచ్చుకోవాల. దునియాలో శానా మందితో అట్లనే ఉండాల," అన్నాడు. ఉద్యోగం మొత్తంలో నాకు అందిన మంచి సలహాల్లో అదొకటి. ఆయన ఇచ్చిన ఇంకో సలహాను నేను చెవిన పెట్టలేదు. ఈ రాత అంతా దాని గురించే.

అప్పటికి ఆంధ్ర రాష్ట్రం ఏర్పడి కర్నూలు రాజధాని అయింది. ఆఫీసులన్నీ కొత్త. డేరాల్లో కూడా కూర్చుని పని చేస్తున్నారు. ఎవరికి వారికి తమ శాఖలో ఏదో ఒక గొప్ప పని చేసి చూపించాలని తహతహ. మా సూపరింటెండెంటు శేషాచలం గారు ఏదో విదేశీ పత్రికలో చదివారట, కోడిపుంజు వీర్యంలో గ్లిసరిన్ కలిపి గడ్డకట్టిస్తే చచ్చిపోకుండా నిలవుంటుందని. "మన నాటు కోళ్లు తెగుళ్లకు తుడిచిపెట్టుకుపోతున్నాయి. వాటి విత్తనాన్ని దాచిపెడదాం. కర్నూల్లో ఎవరూ చెయ్యని పని ఇది," అన్నారు. ఆ పని నా మెడకు చుట్టారు. ఇరవై ఆరేళ్ల వయసు. నేను సంబరంగానే తలొగ్గాను.

ఏం ఉద్యోగం అని చుట్టాలు అడిగితే మా నాన్న "పశువుల డాక్టరు" అని చెప్పి మాట మార్చేవాడు. తోటి డాక్టర్లు నన్ను కోళ్ల పెళ్లిళ్ల పేరయ్య అని పిలిచేవాళ్లు. నేనూ నవ్వేవాణ్ణి. మొదట్లో నిజంగానే నవ్వొచ్చేది.

మంచుపెట్టె

నీళ్ల మంచు చల్లదనం ఈ పనికి చాలదు. డ్రై ఐస్ కావాలి. అది కరిగి నీరు కాదు, పొగలా మారి గాలిలో కలిసిపోతుంది. మద్రాసులో సోడాలకు గ్యాసు తయారు చేసే చోట దొరికేది. వారానికొకసారి చెక్కపెట్టెలో రంపపు పొట్టు నింపి, దాని నడుమ పెట్టి, మెయిలు రైల్లో కడప స్టేషనుకు పంపేవాళ్లు. పెట్టె సందుల్లోంచి తెల్లటి పొగ రావడం చూసి మొదటిసారి కూలీలు దాన్ని ముట్టుకోలేదు. నేనే దించుకుని జట్కా ఎక్కించాను.

ఫారానికి చేరేసరికి అందులో పావు వంతు పొగై పోయేది. మిగిలినదాన్ని మా పెట్టెలోకి మార్చేవాళ్లం. ఖాదర్ సాహెబు ఆ పెట్టె చుట్టూ ఇంకో పెట్టె చేయించి, మధ్యలో చెనక్కాయ పొట్టు కూరాడు. దాంతో ఎనిమిది రోజులు ఆగేది, ఎండాకాలం అయితే ఏడు. మా గదుల పైకప్పు నాపరాళ్లు. మధ్యాహ్నానికి బండలు కాలి, గదిలో ఊపిరాడేది కాదు. అలాంటి గదిలో ఒక మూల అంత చలిని కాపాడుకుంటూ కూర్చోవడం నా పని.

పెట్టె వల్ల నాకు ఊరు లేకుండా పోయింది. మాది ఓర్వకల్లు దగ్గర పల్లె. మా చెల్లెలి పెళ్లికి తాళి కట్టే వేళకు చేరి, భోజనాలు వడ్డించకముందే బస్సెక్కాను. అమ్మ ముఖం చూసే ధైర్యం లేకపోయింది. దారంతా పెట్టె ఎంత తగ్గి ఉంటుందా అనే లెక్క. పని అంటే ఇదేనని అప్పట్లో గర్వపడ్డాను. ఇప్పుడు ఆలోచిస్తే, ఖాదర్ సాహెబుకు చెప్పి రెండు రోజులు ఉండి ఉండొచ్చు. ఆయన నాకంటే బాగా చూసుకునేవాడు. నేను లేకపోతే ఏదో మునిగిపోతుందని అనుకోవడం ఈ ఉద్యోగంలో కొత్తవాళ్లకు పట్టే జబ్బు.

ఒంటరితనం గురించి దాచకుండా చెబుతాను, ఎందుకంటే ఎవరూ చెప్పరు. సూక్ష్మదర్శినిలో చూసింది ఎవరితోనూ పంచుకోలేం. మొదటిసారి వీర్యం గడ్డకట్టించిన గాజు గొట్టాన్ని గోరువెచ్చని నీళ్లలో కరిగించి, ఒక చుక్క గాజు పలక మీద పెట్టి చూశాను. వీర్యకణాలు కదిలాయి. నాలుగు రోజులు రాయిలా ఉన్నవి తోకలు ఆడిస్తూ ఈదుతున్నాయి. బయటికి పరుగెత్తుకొచ్చాను. ఆవరణలో కోళ్లు తప్ప ఎవరూ లేరు. ఖాదర్ సాహెబు నమాజుకు పోయాడు. చేసేది లేక మళ్లీ లోపలికి వెళ్లి, ఒక్కణ్ణే చూస్తూ కూర్చున్నాను.

మూడు పిల్లలు

కదిలినంత మాత్రాన పిల్లలు అవుతాయని కాదు. పెట్టకు ఎక్కించి, గుడ్లు పొదిగించి చూడాలి. ఫారంలో పన్నెండు పెట్టలను ఎంచి, పుంజుల నుంచి వేరు చేసి పక్క గదిలో పెట్టాం. ఇక్కడ ఒక సంగతి ఉంది. పుంజును కలిసిన పెట్ట ఆ విత్తనాన్ని కడుపులో రోజుల తరబడి దాచుకుంటుంది. పుంజు లేకపోయినా గుడ్డుకు పిల్ల వస్తుంది. అందుకని మూడు వారాలు ఆగి, పాతది అంతా పోయాక కొత్తది ఎక్కించాలి. ఇది పుస్తకంలో ఉంది. నేను పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్న సంగతే.

పది రోజులు కాగానే శేషాచలం గారు వచ్చారు. కర్నూలు నుంచి పెద్దలు ఫారం చూడటానికి వస్తున్నారట. వాళ్లు వచ్చేనాటికి పిల్లలు కనబడాలట. "పది రోజులు చాలవా? మనవి నాటు కోళ్లు, ఎండకు ఎండినవి. వీటి కడుపులో అన్నాళ్లు నిలవదులే," అన్నారు. నాకూ తొందరగానే ఉంది. చాలునేమో అన్నాను.

ఆయన వెళ్లాక ఖాదర్ సాహెబు నా దగ్గరికి వచ్చి నిలబడ్డాడు.

"పదిదినాలు సాలవు సార్. మాయమ్మ పుంజును కోసేసినాంక గూడా ఇరవై దినాలు పెట్ట గుడ్లు పొదిగేసి పిల్లల్ని తీసేది. నేను సూసినా. ఇంగో పదిదినాలు ఆగండి. పెద్దోళ్లు వస్తే వస్తారు, పిల్లలు రాకుంటే కాఫీ తాగి పోతారు."

"ఆయన చెప్పారు కదా ఖాదర్ సాబ్," అన్నాను.

"ఆయప్పకు కోడి యాడ తెలుసు సార్. మీకు తెలుసు గద," అన్నాడు. నీళ్ల తొట్టి కడగడానికి వెళ్లాడు.

ఎక్కించాం. తర్వాతి వారం గుడ్లన్నీ పొదిగించాం. ఏడో రోజు దీపపు పెట్టె ముందు గుడ్లు పెట్టి చూస్తే చాలావరకు వట్టివే. మూడింటిలో మాత్రం ఎర్రటి నరాలు అల్లుకుని కనబడ్డాయి. ఆ మూడూ పిల్లలయ్యాయి. కర్నూలు పెద్దలు వచ్చి, పిల్లల్ని అరచేతిలో పెట్టుకుని, మంచులోంచి పుట్టాయంటే నమ్మలేకపోతున్నాం అన్నారు. శేషాచలం గారు నా భుజం తట్టారు. నేను ఆ వారమంతా నేల మీద నడవలేదు.

మొక్కుకున్న పుంజు

రాహేలమ్మది వేంపల్లె దగ్గర చిన్న పల్లె. ఎకరన్నర మెట్ట, కూలి పని, కోళ్లు. భర్త పోయి చాలా ఏళ్లయింది. ఆ ఏడు వానల్లో కోళ్లకొచ్చే కొక్కెర రోగం ఆ వైపు ఊళ్లను ఊడ్చేసినప్పుడు నేను టీకాలు వెయ్యడానికి వెళ్లాను. ఆలస్యంగా వెళ్లాను. వాకిట్లో గంప బోర్లించి దాని పక్కన కూర్చుని ఉంది. మెడలు తిరిగిపోయి చచ్చిన కోళ్లను అప్పుడే పూడ్చి వచ్చింది. ముప్పైకి పైగా ఉన్న మందలో ఒక పుంజు, అరచేతిలో పట్టే రెండు పెట్టపిల్లలు మిగిలాయి.

అవి బోడిమెడ కోళ్లు. నల్లటి ఒళ్లు, మెడ మీద ఒక్క ఈక ఉండదు. ఎండ ఎంత మండినా రొప్పవు, నడివేసవిలో కూడా గుడ్ల మీంచి లేవవు. రాహేలమ్మ అత్తగారు కాపురానికి వచ్చేటప్పుడు గంపలో తెచ్చుకున్న జాతి అట. అత్తకు కళ్లు కనపడని రోజుల్లో కూడా కోళ్లను తడిమి పేరు పెట్టి పిలిచేదని చెప్పింది. చుట్టుపక్కల ఊళ్లలో అలాంటిది ఒక్కటి మిగల్లేదు. నేను నాలుగు పల్లెలు తిరిగి చూశాను.

రోగం నడుస్తున్నప్పుడు ఆమె ఊరి చర్చిలో మోకరించి మొక్కుకుంది, ఒక్క పుంజన్నా మిగిలితే దాన్నే కోతల పండుగకు దేవునికి ఇస్తానని. ఆ వైపు చర్చీల్లో కోతలు అయ్యాక అందరూ తమకున్న మంచివి తెచ్చి కానుకగా పెడతారు. జొన్నలు, చెనక్కాయలు, గుమ్మడికాయలు, కోళ్లు. ఆరాధన అయ్యాక ఆవరణలో వేలం వేస్తారు. పాడుకున్నవాళ్లు ఇంటికి తీసుకుపోయి వండుకుంటారు. నాసిరకానిది తెచ్చి పెట్టడం నామోషీ. మందలో ఏది మేలైనదో దాన్నే ఇస్తారు.

పెట్టపిల్లలు రెండూ గుడ్లకు రావడానికి ఇంకా రెండు మూడు నెలలు పడుతుంది. పండుగేమో నెలలోపే. అప్పుడే పుంజును ఇచ్చేస్తే పెట్టలకు జత ఉండదు. చిక్కు అక్కడ వచ్చింది. ఆమె చెల్లెలు కడపలో ఉండేది. ఆ చెల్లెల్ని చూడటానికి వచ్చినప్పుడు, కోళ్ల సారు ఫారం ఇక్కడేనని విని, రాహేలమ్మ నా దగ్గరికి వచ్చింది. గుడ్డలో జొన్నరొట్టెలు, ఊరుబిండి పచ్చడి కట్టుకొచ్చింది. ఆ ఫారానికి నా కోసం వచ్చిన మొదటి మనిషి ఆమె.

"పాస్టరయ్యనడిగితి సార్," అంది. "మొక్కు ఈ ఏడే తీర్చాలని యాడా ల్యా రాహేలమ్మా, పెట్టలు పొదుగుకొచ్చినాంక వచ్చే ఏడు ఇయ్యి, అన్న్యాడు. నాకే మనసు ఒప్పడం ల్యా. మాటిచ్చి ఎగ్గొట్టినట్లుంటాది. ఇస్తే మా అత్త జాతి పోతాది. ఏం చెయ్యాల్నో తెలీక మీకాడికి వస్తి. ఈ ఏడు ఇయ్యాల్నా, ఆగాల్నా సార్?"

నేను ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. "ఇచ్చేయండమ్మా. దాని విత్తనం నేను మంచులో దాచిపెడతాను. మీ పెట్టలు గుడ్లకు రాగానే ఎక్కిస్తాను. పుంజు ఉన్నా లేకపోయినా ఒకటే," అన్నాను.

"నిజంగా పిల్లలౌతాయా?"

"అయ్యాయి కదమ్మా. చూపిస్తాను రండి," అని మూడు పిల్లల దగ్గరికి తీసుకెళ్లాను. అప్పటికి వాటికి రెక్కలు వస్తున్నాయి. ఆమె వంగి చాలాసేపు చూసింది. "దేవుడు మీ చేతిలో పెట్టినాడు సార్ ఈ విద్యను," అంది. కొంచెం దూరంలో ఖాదర్ సాహెబు మేత కలుపుతున్నాడు. తలెత్తి నా వైపు చూశాడు. నేను చూపు తిప్పుకున్నాను.

మరుసటి వారమే పుంజును, పెట్టపిల్లల్ని గంపలో పెట్టుకుని బస్సులో తెచ్చింది. పెట్టల్ని ఏ పుంజూ కలవకుండా విడిగా పెట్టాం. పుంజు దగ్గర పది రోజులు విత్తనం తీసి ఎనిమిది గొట్టాల్లో దాచాను. అంత నెమ్మదైన పుంజును నేను మళ్లీ చూడలేదు. చంకలో పెట్టుకుంటే కళ్లు మూసుకునేది.

పండుగకు నన్ను పిలిచింది. వెళ్లాను. రాహేలమ్మ ఉతికిన తెల్లచీర కట్టుకుని, పుంజును రెండు చేతులా ఎత్తి బల్ల ముందు పెట్టింది. వేలంలో ఆ ఊరి రైతు ఒకాయన పాడుకున్నాడు. పట్నం నుంచి వచ్చిన సారునని, మధ్యాహ్నం నాకూ ఒక గిన్నెలో కూర పంపించాడు. రాహేలమ్మ తినలేదు. నేను తిన్నాను. బాగుంది అని కూడా అన్నాను.

వట్టి గుడ్లు

రెండు నెలలు ఆమె రెండు వారాలకొకసారి వచ్చేది. పెట్టలకు గుప్పెడు జొన్నలు చల్లి, నాకు రొట్టెలు ఇచ్చి, మెట్ల మీద కూర్చునేది. వాళ్ల అత్త సంగతులు, పల్లెలో తగాదాలు చెప్పేది. "మీకెవురూ లేరా సార్, ఎప్పుడు సూసినా ఒక్కరే ఉంటారు," అని అడిగేది. ఆమె వచ్చే శనివారం కోసం నేను గడ్డం గీసుకుని ఎదురుచూసేవాణ్ణి. మా అమ్మ తర్వాత నేను తిన్నానా లేదా అని అడిగిన మనిషి ఆమే.

పెట్టలు గుడ్లకు వచ్చాయి. మధ్యాహ్నం దాటాక, అవి గుడ్డు పెట్టడం అయ్యాక, ఒక్కో గొట్టం కరిగించి ఎక్కించాను. ఎక్కించే ముందు ప్రతిసారీ చూశాను. అన్నీ బాగా కదులుతున్నాయి. గుడ్లు పొదిగించాను. ఏడో రోజు దీపపు పెట్టె ముందు మొదటి గుడ్డు పెట్టాను. వట్టిది. రెండోది వట్టిది. అన్నీ వట్టివే. ఇంకోసారి చేశాను. మోతాదు పెంచాను. పెట్టలకు దాణా మార్చాను. మళ్లీ అన్నీ వట్టివే. ఏడు గొట్టాలు అయిపోయాయి.

అప్పుడు చేయాల్సిన పని, అంతకుముందే చేసి ఉండాల్సిన పని, చేశాను. ఫారం పెట్టల్లో కొన్నిటిని పుంజుల నుంచి వేరు చేసి, పది రోజులు ఆగి, ఏమీ ఎక్కించకుండా తర్వాతి వారం గుడ్లు పొదిగించాను. నాలుగింటిలో నరాలు కనబడ్డాయి. అంటే ఆ మూడు పిల్లలు మంచులోంచి రాలేదు. పెట్టల కడుపులో మిగిలిన పాత విత్తనంలోంచి వచ్చాయి. ఖాదర్ సాహెబు వాళ్లమ్మకు తెలిసిన సంగతే అది.

దీపం ఆర్పేసి ఆ గదిలోనే కూర్చుండిపోయాను. నా కడుపులోకి వెళ్లిన ఆ గిన్నెడు కూర గుర్తొచ్చింది. ఖాదర్ సాహెబు లోపలికి వచ్చి, గుడ్ల వైపు చూసి, అర్థం చేసుకున్నాడు. నేను చెప్పలేదా అని అనలేదు. అని ఉంటే కొంచెం తేలికపడేవాణ్ణి.

"ఆయమ్మకు మీరే చెప్పాల సార్," అన్నాడు. "నాతో చెప్పిపియ్యాకండి."

కర్నూలు వెళ్లి శేషాచలం గారికి చెప్పాను. "మూడు పిల్లల సంగతి పైదాకా వెళ్లింది. ఇప్పుడు కాదు పొమ్మంటే నీ ఉద్యోగమూ నా ఉద్యోగమూ చిక్కులో పడతాయి. మంచు తెప్పించడం ఆపేద్దాం. నాలుగు నెలల్లో అందరూ మరిచిపోతారు," అన్నారు. ఆయన చెడ్డవాడు కాదు. నలుగురు పిల్లలు, కొత్త రాష్ట్రం, పక్క కుర్చీలో ఎప్పుడు ఎవరొస్తారో తెలియని భయం. భయపడ్డ అధికారి కింద పని చేసేటప్పుడు మీరు రెట్టింపు జాగ్రత్తగా ఉండాలి. ఆయన భయం మీ చేతుల్లోకి దిగుతుంది. నా చేతుల్లోకి దిగింది. సరే సార్ అని తలూపి వచ్చేశాను. ఆయనకు తప్ప కర్నూల్లో ఎవరికీ నిజం చెప్పలేదు. సర్వీసంతా చెప్పలేదు. ఇదే మొదటిసారి రాయడం.

రెండేళ్ల తర్వాత ఒక పత్రికలో చదివాను. మంచులో విత్తనాన్ని కాపాడే గ్లిసరినే పెట్ట కడుపులోకి వెళ్లాక దాన్ని పనిచెయ్యనివ్వదట. ఎక్కించే ముందు గ్లిసరిన్‌ను కొద్దికొద్దిగా తీసేస్తే పిల్లలు అవుతాయట. అంటే నా గొట్టాల్లో ఉన్నవి నిజంగానే బతికున్నాయి. ఆ ఒక్క సంగతి నాకు తెలియలేదు. పత్రిక మూసి ఏడ్చాను. చుట్టూ ఎవరూ లేరు కాబట్టి గట్టిగానే ఏడ్చాను.

ఎనిమిదో గొట్టం

మళ్లీ శనివారం వచ్చింది. ఆమె గేటు దగ్గరి నుంచే, "ఏం సార్, పిల్లలు కండ్లు తెరిసినాయా?" అని నవ్వుతూ వచ్చింది. రొట్టెల మూట నా బల్ల మీద పెట్టింది.

నేను నిలబడే ఉన్నాను. అంతా చెప్పాను. పది రోజులకే తొందరపడటం, మూడు పిల్లలు ఎక్కడి నుంచి వచ్చాయో, ఏడు గొట్టాలు ఎలా పోయాయో. ఒకటి మాత్రం దాచాను. ఖాదర్ సాహెబు ముందే హెచ్చరించాడని చెప్పలేదు. ముఖం చెల్లలేదు.

ఆమె అరవలేదు. కూర్చుంది. కొంగుతో చేతులు తుడుచుకుంది, తడి లేకపోయినా.

"ఇప్పుడు ఆ పెట్టెలో దాందేమన్నా ఉండాదా సార్?"

"ఒక్క గొట్టం ఉందమ్మా. మంచు ఇంక రాదు. ఉన్న ముక్క రేపటికి అయిపోతుంది."

"సూడొచ్చునా?"

పెట్టె తెరిచాను. అడుగున గుప్పెడంత మంచు మాత్రం పొగలు కక్కుతూ ఉంది. ఎనిమిదో గొట్టాన్ని తీసి గోరువెచ్చని నీళ్లలో కరిగించాను. ఒక చుక్క పలక మీద పెట్టి, సూక్ష్మదర్శినిని కిటికీ దగ్గరికి జరిపి, అద్దం ఎండకు తిప్పి, ఆమెను కూర్చోబెట్టాను. ఒక కన్ను మూసుకోవడం ఆమెకు చేతకాలేదు. అరచెయ్యి అడ్డం పెట్టుకుంది. కాసేపు ఏమీ కనబడటం లేదంది. తర్వాత ఊపిరి బిగబట్టింది.

"అబ్బా. ఎన్నుండాయి సార్. పారాడుతాండాయి."

"అవునమ్మా."

"ఇవి దానివేనా?"

"దానివే."

"అది పోయి మూణ్ణెల్లు దాటె గద. ఇవి సూడు, ఏం తెలీనట్లు ఎట్ల తిరుగుతాండాయో." కన్ను తియ్యకుండానే అడిగింది. "ఇంత పానముండాది గద సార్. మరి పెట్టకెందుకు పట్టల్యా?"

చెప్పడానికి నా దగ్గర నాలుగైదు పెద్ద మాటలు ఉన్నాయి. ఏదీ నిజం కాదు.

"తెలియదమ్మా," అన్నాను.

ఆమె తలెత్తి నన్ను చూసింది. మళ్లీ వంగింది. నేను పక్కనే నిలబడ్డాను. పలక ఆరిపోతోంది, ఎండ వేడికి అవి నెమ్మదిస్తాయని నాకు తెలుసు. ఆమెకు చెప్పలేదు. బయట ఖాదర్ సాహెబు ఆమె పెట్టలు రెండింటినీ పట్టుకుని, కాళ్లు కట్టి, గంపలో పెడుతున్నాడు.

"నిదానమైనాయి," అంది ఆమె. ఇంకాసేపటికి, "ఒగటి మాత్రం కదులుతాండాది, ఈ పక్క," అంది. ఆ ఒక్కదాన్ని ఎంతసేపు చూసిందో నేను చెప్పలేను. చివరికి లేచి నిలబడి, కొంగు సర్దుకుంది. "నిలిచిపాయ సార్," అంది.

గంప ఎత్తడానికి నేను చెయ్యి వేశాను. వద్దంది. ఖాదర్ సాహెబు ఎత్తి నెత్తిన పెట్టాడు. గేటు దాకా వెంట నడిచాను. లెగ్‌హార్న్ జాతి సీమ కోడిపిల్లలు నాలుగు ఇస్తాను, తీసుకోండమ్మా అన్నాను. ఆమె ఆగింది. నెత్తిన గంప ఉండటం వల్ల నా వైపు తల తిప్పలేదు. రోడ్డు వైపే చూస్తూ చెప్పింది.

"తెలీదనే మాట మీకూ వస్తాది గద సార్. ఆ పొద్దు అడిగినప్పుడు అనింటే, నేను ఒక ఏడు ఆగింటి."

బస్సు వచ్చే వైపు నడిచి వెళ్లింది. బల్ల మీద రొట్టెల మూట అలాగే ఉంది. ఆమె మళ్లీ ఫారానికి రాలేదు.